షియాన్ వీధి, చెంగ్డు జాడీ

చైనాలో షియాన్ నుంచి చెంగ్డుకు 2017 డిసెంబరులో హైస్పీడ్ రైలు మొదలైంది. దాదాపు నాలుగు గంటల్లో ఒక వంటలోకం నుంచి మరో వంటలోకంలోకి దిగొచ్చు. దారిలో రైలు సొరంగాల గుండా దాటే చిన్లింగ్ పర్వతాలే ఆ రెండు లోకాలకూ సరిహద్దు. కొండలకు ఉత్తరాన గోధుమ పండుతుంది, దక్షిణాన వరి. చెంగ్డు ఉన్న సిచువాన్‌కు పోయే ఈ కొండదారి ఎంత దుర్గమమో చెబుతూ తాంగ్ కాలపు కవి లీ బాయ్ పద్యం రాశాడు. అంత కష్టమైన దారిని ఇప్పుడు కునుకు తీసేలోగా దాటేసి, యాత్రికులు రెండు ఊళ్లలోనూ ఒకే పని చేస్తున్నారు. గైడు వెంట నడుస్తూ, బండి దగ్గరా కొట్టు దగ్గరా ఆగి, అన్నీ కొంచెం కొంచెం రుచి చూస్తున్నారు.

ఈ ఫుడ్ వాక్‌లు రెండు చోట్లా ఇంచుమించు ఒకే మూసలో ఉంటాయి. సాయంత్రం బయల్దేరి మూడు నాలుగు గంటలు తిరుగుతారు. వీలైనన్ని రకాలు, ఒక్కోదానికి వీలైనంత తక్కువ సమయం. ఇదే మూస షియాన్‌కు చాలావరకు న్యాయం చేస్తుంది, చెంగ్డుకు చేయదు. తప్పు గైడ్లది కాదు. తేడా అంతా వంట ఎక్కడ జరుగుతోందన్న దానిలో ఉంది. షియాన్ వంటలో ముఖ్యభాగం వీధిలోనే, మన కళ్లెదుటే, మనుషుల చేతుల్లో జరుగుతుంది. చెంగ్డు వంటలో ముఖ్యభాగం మనం వీధిలోకి రావడానికి నెలల ముందే జాడీల్లో జరిగిపోయి ఉంటుంది. నడక మొదటిదాన్ని చూపగలదు, రెండోదాన్ని చూపలేదు.

ముందు షియాన్ సంగతి. మింగ్ కాలపు కోటగోడ లోపల, 1380లో కట్టిన నగారా బురుజు వెనక ముస్లిం వాడ మొదలవుతుంది. ఇక్కడి హుయి ముస్లింల పూర్వీకుల్లో పట్టుదారి వెంట అరేబియా, పర్షియా, మధ్య ఆసియాల నుంచి వచ్చిన వర్తకులున్నారు. హ్వాజువే సందులోని పెద్ద మసీదు మింగ్ చక్రవర్తుల కాలంలో, 1392లో ఇప్పటి రూపానికి వచ్చింది. చైనా మందిరాల మాదిరి వంపు కప్పులు, వరుసగా ముంగిళ్లు, వాటి మధ్య అరబ్బీ రాతలు ఉంటాయి. ఆ వీధుల్లోని తిండీ ఇలాంటి కలయికే. గ్వాన్‌ఝోంగ్ మైదానపు గోధుమకు గొర్రె, గొడ్డు మాంసాలు, జీలకర్ర, నువ్వులు తోడయ్యాయి. ఈ వాడలో పంది మాంసం ఉండదు. హలాల్ తిండి కోసం వెతుక్కునే హైదరాబాదీ యాత్రికుడికి చైనాలో ఇంతకంటే నిశ్చింతగా తిరిగే చోటు తేలిగ్గా దొరకదు.

ఇక్కడ నడుస్తుంటే ప్రతి పదడుగులకూ ఒక పని కనిపిస్తుంది. ఒకచోట ముదురు ఎరుపు పెర్సిమన్ పండ్ల గుజ్జును పిండిలో కలిపి, చిన్న బిళ్లలుగా ఒత్తి నూనెలో వేయిస్తుంటారు. ఇంకోచోట జిగురు బియ్యం, ఎర్ర ఖర్జూరాలు, చిక్కుడు గింజలు పొరలు పొరలుగా ఆవిరిపట్టిన జెంగ్‌గావ్‌ను గరిటెతో కోసి ఇస్తుంటారు. నూడుల్స్ కొట్టులో బెల్టు వెడల్పున పిండి పట్టీని రెండు చేతులా సాగదీసి బల్లకేసి కొడతారు. ఉడికిన పట్టీల మీద కారం, వెల్లుల్లి వేసి, పైన పొగలు కక్కే నూనె పోస్తారు. ఆ చుయ్యిమనే చప్పుడుతో కారం వాసన వీధంతా పాకుతుంది. ఆ వంటలో అసలు ఘట్టం అదే, అది మన ముందే జరుగుతుంది. అక్కడ గైడు పెద్దగా వివరించనక్కర్లేదు, మనల్ని సరైన చోట నిలబెడితే చాలు.

షియాన్‌ను ఒక్క గిన్నెలో చూడాలంటే యాంగ్‌రౌ పావ్‌మో ముందు కూర్చోవాలి. కూర్చోగానే ఒక ఖాళీ గిన్నె, గట్టి గుండ్రటి రొట్టెలు తెచ్చిపెడతారు. రొట్టెను తుంచే పని మనదే. ముందు నాలుగు ముక్కలు, తర్వాత వాటిని చీల్చి, చివరికి గోటితో గిల్లి సోయా గింజంత చేయాలి. పది నిమిషాలకే వేళ్లు నొప్పి పుడతాయి. పక్క బల్ల దగ్గరి ముసలాయన పొరుగాయనతో కబుర్లాడుతూ, గిన్నె వంక చూడకుండానే తుంచేస్తుంటాడు. నిండిన గిన్నె గుర్తుబిళ్లతో వంటింట్లోకి వెళుతుంది. వంటవాడు దాన్ని విడిగా బాణలిలో వేసి, గొర్రె ఎముకల షోర్వా, మాంసం, సన్నటి సేమ్యా లాంటి నూడుల్స్ కలిపి ఉడికిస్తాడు. షోర్వా ఎంత ఉండాలో ముందే చెప్పొచ్చు. పూర్తిగా ఇంకిపోయేలా, ఆఖరున ఒక్క గుక్క మిగిలేలా, లేదా ముక్కల చుట్టూ నిండుగా నిలిచేలా చేయించుకోవచ్చు. పక్కన తీపి పులుపుల్లో ఊరిన వెల్లుల్లి పాయలు పెడతారు.

ఈ గిన్నెలో తినేవాడు కూడా వంటవాడే. ముక్క పెద్దదైతే లోపలిదాకా షోర్వా ఇంకదు, ఆ లోపం మన నోటికే తెలుస్తుంది. ఇప్పుడు మిషన్‌తో కోసిన ముక్కలూ దొరుకుతాయి. సమయం కలిసొస్తుందని గైడు అవి తెప్పిస్తే, ఆ నడకలో అతి విలువైన అరగంటను పారేసినట్టే. అయినా ఆ లోపం దిద్దుకోదగ్గదే, ఒక ఆపు తగ్గిస్తే సరిపోతుంది.

ఇప్పుడు కొండలు దాటి చెంగ్డుకు వద్దాం. 2010లో యునెస్కో ఆసియాలోనే మొదటగా ఆహార నగరంగా గుర్తించిన ఊరిది. ఇక్కడి ఫుడ్ వాక్‌లో దాన్‌దాన్ నూడుల్స్ తప్పకుండా ఉంటాయి. ఒకప్పుడు కావడి భుజాన వేసుకుని వీధుల్లో అమ్మిన తిండి ఇది. చిన్న గిన్నె, నాలుగు చాప్‌స్టిక్ పట్లకు అయిపోతుంది. కొట్టువాడు గిన్నె అడుగున ఒక్కో చెంచా ఏవేవో వేసి, ఉడికిన నూడుల్స్ పైన పడేసి, వేయించిన మాంసం కైమా చల్లి ఇచ్చేస్తాడు. ఒక్క నిమిషం పని. చూడ్డానికి ఏమీ లేదు. గుంపు ఫొటో తీసుకుని, నోరు జివ్వుమందని నవ్వుకుని, తర్వాతి కొట్టుకు కదులుతుంది.

చెంగ్డు జారిపోయేది సరిగ్గా అక్కడే. ఆ గిన్నె అడుగున పడిన ఒక్కో చెంచా వెనకా ఒక పెద్ద కథ ఉంది. నల్లగా, ఉప్పగా, కొంచెం తియ్యగా తగిలే తరుగు ఈబిన్ ప్రాంతపు యాత్సాయ్. ఆవ జాతి మొక్క కాడల్ని ఎండబెట్టి, ఉప్పులో మాగబెట్టి, బెల్లం లాంటి ముదురు చక్కెర, మసాలాలు పట్టించి నెలల తరబడి జాడీల్లో ఊరబెడితే వస్తుంది. ఎర్రగా తేలే నూనె రకరకాల ఎండుమిర్చి పొడి మీద కాగిన నూనె పోసి, ఓ రాత్రి నాననిచ్చి వాడేది. సోయా సాస్, వెనిగర్ రెండూ పులియబెట్టినవే. వంటవాడు ఆ నిమిషంలో వంట చేయలేదు, ఎప్పుడో పూర్తయిన వంటల్ని ఒకచోట చేర్చాడు. ఆ చేర్చడంలో గొప్ప నేర్పు ఉంది, కానీ అది కంటికి కనపడదు.

చెంగ్డు వంటకు ప్రాణమైన దౌబాన్ సంగతి చూస్తే ఇది ఇంకా తేటపడుతుంది. ఊరి శివారు పీదూ ప్రాంతంలో, పాత పేరున పీషియెన్‌లో, ఇది తయారవుతుంది. బూజు పట్టించిన పెద్ద చిక్కుడు గింజల్ని, ఉప్పులో నలిగిన అర్జింగ్‌త్యావ్ మిరపకాయల్ని కలిపి మట్టి బానల్లో ఆరుబయట పెడతారు. పగలు ఎండ, రాత్రి మంచు తగలనిస్తారు. వాన వస్తే మూత పెడతారు, రోజూ కలియబెడతారు. ఏడాదికి ఎర్రగా ఉంటుంది, రెండు మూడేళ్లకు ముదురు గోధుమరంగుకు తిరిగి, కారం వెనక్కి తగ్గి, లోతైన రుచి ముందుకొస్తుంది. ఏటేటా ఆవకాయ జాడీ పెట్టే ఇళ్లవాళ్లకు దీని విలువ చెప్పనక్కర్లేదు. ఉప్పూ కారమూ కాలమూ కలిసి ఏం చేస్తాయో మనకు తెలుసు. ఇక్కడి ప్రసిద్ధ వంటకం మాపో తోఫూ ఎరుపు, దాని అడుగున ఉన్న గాఢత ఈ బానల నుంచే వస్తాయి. సాయంత్రపు నడకలో మాపో తోఫూ తినిపిస్తారు, బానను చూపించరు.

రెండు ఊళ్ల తేడాను నేను మరీ సాగదీయడం లేదు. షియాన్‌లోనూ జాడీలున్నాయి. ఊరిన వెల్లుల్లి, వెనిగర్ లేకుండా అక్కడి భోజనం పూర్తి కాదు, గొర్రె షోర్వా గంటల తరబడి మరుగుతుంది. చెంగ్డులోనూ చేతిపని ఉంది. గ్వోక్వే రొట్టెలు పొరలుగా చుట్టి కాల్చేవాళ్ల వేగం చూసి తీరాల్సిందే. మొగ్గు ఎటన్నదే ప్రశ్న. షియాన్ గిన్నెకు ఊరిన వెల్లుల్లి నంజుడు మాత్రమే. చెంగ్డు గిన్నెలో ఊరినవే అసలు, పిండి పదార్థం వాటిని మోసుకొచ్చే వాహనం.

పర్యాటకుల కోసం ముస్తాబైన వీధులు రెండు చోట్లా ఉన్నాయి. షియాన్‌లో బేయ్‌యువాన్‌మెన్ వీధి రాత్రిపూట దీపాలతో, అరుపులతో, స్క్విడ్ పుల్లలతో కిక్కిరిసిపోతుంది. సముద్రానికి ఎంతో దూరంగా ఉన్న ఊళ్లో ఆ పుల్లలకు పరంపర ఏమీ లేదు. అయితే మందు పక్కనే ఉంది. పడమటి వైపు దాపీయువాన్, సాజిన్‌చ్యావ్ సందుల్లోకి తిరిగితే, మాంసపు ఉండలు, కూరగాయలు వేసి మిరియాల ఘాటుతో చిక్కగా కాచిన హూలాతాంగ్‌ను రొట్టెతో నంజుకు తినే స్థానికులు పొద్దున్నే కనిపిస్తారు. వీధి మారితే చాలు, నిజమైన షియాన్ దొరుకుతుంది.

చెంగ్డులో వూహౌ మందిరం పక్కన జిన్లీ, 2008లో కొత్తరూపుతో తెరిచిన క్వాన్‌ఝాయ్ సందులు ఇలాంటివే. అక్కడ సాన్ దా పావ్ దగ్గర ఎప్పుడూ గుంపు ఉంటుంది. జిగురన్నం ముద్దల్ని బల్లకేసి విసిరితే ఇత్తడి పళ్లాలు ఢంఢమని మోగి, ముద్దలు వేయించిన సోయా పిండిలో పడతాయి. రుచికరమైన పాత తినుబండారమే, అందులో సందేహం లేదు. కానీ చెంగ్డులో ఎక్కువమంది గుర్తుపెట్టుకునేది ఆ మోతనే. ఇక్కడ వీధి మార్చినా పూర్తి ఫలితం రాదు. కాలనీల్లోని ఇరుకు హోటళ్లలో తిండి ఎంతో మెరుగ్గా ఉంటుంది, నిజమే. అయినా ఆ రుచి ఎక్కడ పుట్టిందో అక్కడా కనపడదు.

కారం విషయంలో మనవాళ్లు ఒక ముందు అభిప్రాయంతో వెళతారు. మన ఊళ్లలో ఫాస్ట్‌ఫుడ్ బండ్ల మీద దొరికే షెజ్వాన్ రైస్ రుచి మన నాలుక మీద ఉంది. అందులో ఎండుమిర్చి, వెల్లుల్లి, వెనిగర్ ఉంటాయి. పులిసిన చిక్కుడు గింజలు గానీ, హువాజావ్ అనే సిచువాన్ మిరియాలు గానీ సాధారణంగా ఉండవు. మిరపకాయ అమెరికా ఖండాల నుంచి చైనాకు చేరింది పదహారో శతాబ్దం చివర్లో. సిచువాన్ వంటింట్లో స్థిరపడటానికి ఇంకా చాలా కాలం పట్టింది. హువాజావ్ దానికంటే ఎంతో పాతది. నాలుకను మండించదు, తిమ్మిరెక్కిస్తుంది. ఆ తిమ్మిరి పెదవుల మీద సెకనుకు సుమారు యాభైసార్ల కంపనంలా తోస్తుందని యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకులు 2013లో చూపారు. గుంటూరు మిర్చికి అలవాటుపడ్డవాణ్ణి చెంగ్డు కారం భయపెట్టదు. కొత్తగా తెలుసుకోవాల్సింది ఆ తిమ్మిరిని, దాని వెంటే వచ్చే నారింజ తొక్క లాంటి సువాసనను. గైడు 'ఎంత కారం తట్టుకోగలరు?' అన్న పందెంలోకి దింపితే ఈ రెండూ చేజారిపోతాయి.

మరి చెంగ్డును ఎలా చూపాలి? పొద్దున కూరగాయల మార్కెట్లో మొదలుపెట్టాలి. నీళ్ల అంచు గల పావ్‌త్సాయ్ ఊరగాయ జాడీ మూత ఎత్తించి, లోపలి పుల్లటి వాసన పీల్చనివ్వాలి. ఏడాది దౌబాన్, మూడేళ్ల దౌబాన్ పక్కపక్కన పెట్టి వేలి కొసతో నాకించాలి. హాన్‌యువాన్ ప్రాంతపు హువాజావ్‌ను అరచేతిలో నలిపి వాసన చూపించాలి. ఆ తర్వాత మూడే గిన్నెలు చాలు. మసాలాలు, చక్కెర వేసి కాచిన తీపి సోయా సాస్, మిరప నూనెలతో లావుపాటి తియెన్‌ష్వే నూడుల్స్, అదే సాస్‌కు వెల్లుల్లి జోరు పెంచిన ఝోంగ్ డంప్లింగ్స్, అదే మిరప నూనెకు హువాజావ్, వేరుశనగ పలుకులు తోడైన ఫూచీ ఫేయ్‌పియెన్ మాంసపు పలుచని ముక్కలు. ఒకే జాడీల వరస నుంచి మూడు వేరువేరు రుచులు ఎలా పుట్టాయో అప్పుడు నాలుకకే అర్థమవుతుంది. సిచువాన్ వంటవాళ్లు ఇరవైకి పైగా రుచుల కూర్పుల్ని పేరుపెట్టి నేర్పుతారన్న మాట అప్పుడు గొప్పకు చెప్పినట్టు అనిపించదు. పూర్తయ్యాక పీపుల్స్ పార్కులోని టీ అంగడిలో కూర్చుని మాట్లాడుకోవాలి, ఎందుకంటే చెంగ్డు తిండికి మాట అవసరం.

గైడు పాత్ర కూడా దీనివల్లే మారుతుంది. షియాన్‌లో మంచి గైడు తక్కువ మాట్లాడి, పనిని చూడనివ్వాలి, రొట్టె తుంచనివ్వాలి. అయితే ఆ వాడలో జనం కాపురముంటున్నారని, మసీదు వాళ్ల ప్రార్థనాస్థలమని మరవనివ్వకూడదు. చెంగ్డులో మంచి గైడు ఎక్కువ మాట్లాడాలి, కనపడనిదాన్ని మాటతో, వాసనతో, పోలికతో కనిపించేలా చేయాలి.

ఒక్క సాయంత్రమే చేతిలో ఉన్నవాళ్లకు షియాన్ నడక చెబుతాను. అది తక్కువ సమయంలోనే నిండుగా ఇస్తుంది. వంటగా మాత్రం, నా మటుకు నాకు చెంగ్డుదే పైచేయి. అంత చిన్న గిన్నెలో అంత కాలాన్ని, అన్ని పొరల రుచిని ఇమిడ్చిన వీధితిండి వేరే ఏదీ నేనెరగను. అందుకే దాన్ని ఎనిమిది చోట్ల చోటుకో ముద్దగా చుట్టేయడం నాకు అన్యాయమనిపిస్తుంది. ఫుడ్ వాక్ నడిపేవాళ్లు ఎన్ని రకాలు తినిపించామన్న లెక్క మానెయ్యాలి. డబ్బు కట్టేవాళ్లు కూడా ఎన్ని ఆపులని అడగడం మాని, ఈ రుచి ఎక్కడ తయారవుతుందో చూపిస్తారా అని అడగాలి. ఆ ప్రశ్నకు షియాన్ వీధిలోనే జవాబిస్తుంది. చెంగ్డు జవాబు కోసం తెల్లారే లేచి మార్కెట్‌కు వెళ్లాలి. వెళ్లడం దండగ కాదు.