అంకెలు కలిస్తేనే విలువ

పాత సైనిక తుపాకులను సేకరించేవారిలో స్నైపర్ రైఫిళ్లపై మక్కువ గలవారి దృష్టి తుపాకీ మీద ఎంత ఉంటుందో, దానిపై బిగించిన దుర్భిణి మీద అంతకంటే ఎక్కువే ఉంటుంది. పొంచి ఉండి దూరపు లక్ష్యాన్ని గురిచూసి కొట్టే సైనికుని కోసం కర్మాగారంలో ఆ రెండింటినీ సరిచూసి జత కుదిర్చేవారు గనుక, ఆ జత చెడకుండా నిలిచిన తుపాకీకే సేకర్తలు పెద్దపీట వేస్తారు.

రెండవ ప్రపంచయుద్ధ కాలపు బ్రిటిష్ రైఫిల్ నంబర్ 4 మార్క్ 1 (టి) ఇందుకు చక్కని ఉదాహరణ. గురి బాగా కుదిరిన మామూలు .303 లీ ఎన్‌ఫీల్డ్ రైఫిళ్లను ఏరి, ప్రధానంగా లండన్‌లోని హాలండ్ అండ్ హాలండ్ సంస్థకు పంపితే, అక్కడి పనివారు తుపాకీ మడమకు చెంప ఆనించే చెక్కదిమ్మను అమర్చి, మొదట బ్రెన్ మెషిన్‌గన్ కోసం రూపొందిన, దృశ్యాన్ని 3 రెట్లు పెద్దది చేసి చూపే నంబర్ 32 టెలిస్కోపును ఇనుప పట్టీతో బిగించేవారు. ఆ పట్టీపై రైఫిల్ సంఖ్యను, మడమ సన్నబడే చోట టెలిస్కోపు సంఖ్యను ముద్రించేవారు గనుక, ఏ దుర్భిణి ఏ తుపాకీదో నేటికీ చదివి తేల్చవచ్చు.

ఆ టెలిస్కోపు తీర్చిదిద్దుకున్న తీరు కూడా పరిశీలించదగినదే. గురిని పక్కకు జరిపే చక్రం మార్క్ 1 రకంలో ఒక్కో మెట్టుకు 2 నిమిషాల కోణం కదిలేది. నిమిషమంటే డిగ్రీలో 60వ వంతు, అది 100 గజాల దూరాన దాదాపు అంగుళం తేడాకు సమానం. ఆ లెక్కన 500 గజాల దూరాన ఒక్క మెట్టుకే తూటా 10 అంగుళాలు పక్కకు పోతుంది గనుక, తరువాతి మార్క్ 2 రకంలో మెట్టును ఒక నిమిషానికి తగ్గించారు. ఇక పాత కటకాలకు రెండు శత్రువులున్నాయి: తేమకు పట్టే బూజు గాజునే తినేస్తుంది, రెండు కటకాలను అతికించిన కెనడా బాల్సమ్ అనే చెట్టుబంక కాలక్రమేణా విడిపోయి మసక కమ్ముతుంది.

యుద్ధానంతరం సోవియట్ ఆయుధాగారాలు అనేక మోసిన్ నాగాంత్ స్నైపర్ రైఫిళ్ల నుంచి టెలిస్కోపులను ఊడదీసి, మరలు బిగించిన రంధ్రాలను పూడ్చి, వాటిని మామూలు రైఫిళ్లుగా వాడుకలోకి పంపాయి. అమ్మకందార్లు అటువంటి వాటికీ, అసలు స్నైపర్‌కు సంబంధమే లేని వాటికీ వేరే దుర్భిణులు తగిలించి అంటగడుతుంటారు గనుక, సంఖ్యలను చదవడమే సేకర్తకు మొదటి పాఠం.

తెలంగాణలో ఈ అభిరుచికి చట్టం గట్టి హద్దులు గీసింది. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం .303 నిషిద్ధ బోరు, అంటే కేంద్ర ప్రభుత్వ ప్రత్యేక అనుమతి లేనిదే పౌరుడు ఉంచుకోరాని తుపాకీ; పౌరులకు .315 బోరు రైఫిళ్లు వేరుగా తయారు కావడానికి కారణం ఇటువంటి నిషేధమే. లైసెన్సు ఉన్నవారికి సైతం గరిష్ఠంగా 3 తుపాకులుండే వీలును 2019 సవరణ 2కు తగ్గించింది. కాబట్టి ఇక్కడ పాత ఆయుధాలను చూసి తెలుసుకోదలచినవారికి, 1951 డిసెంబరు 16న ప్రారంభమైన హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియం ఆయుధ విభాగం వంటి ప్రదర్శనశాలలే దిక్కు.

అయితే శంకరంపేట వంటి ఊళ్ల పాత ఇళ్లలో లైసెన్సుదారు మరణించాక మిగిలిన తుపాకీ, అటకమీద పడి ఉన్న దుర్భిణి, తోలు సంచి కనిపించే అవకాశం లేకపోలేదు. లైసెన్సుదారు తరువాత, వారసులు తమ పేర లైసెన్సు లేకుండా తుపాకీని అట్టే పెట్టుకోవడం నేరం; లైసెన్సు లేనప్పుడు దానిని పోలీసు ఠాణాలో గాని, లైసెన్సు గల ఆయుధ వ్యాపారి వద్ద గాని అప్పగించి తీరాలి. అప్పగించేముందు వారసులు చేయవలసిన పని ఒకటుంది: రుద్ది మెరుగు పెట్టకుండా, తుపాకీపైన, దుర్భిణిపైన ఉన్న ప్రతి సంఖ్యనూ కాగితంపై రాసి, అప్పగించాక ఇచ్చే రసీదుకు జతపరచి దాచుకోవాలి. ఇనుము చేతులు మారినా, దాని చరిత్ర ఆ కాగితంలో నిలుస్తుంది.