సగటు దాచిపెట్టే కులం

భవానీపురం బాగుపడిందంటున్నారు. హౌసింగ్ బోర్డు కాలనీ చుట్టూ అపార్టుమెంట్లు లేచాయి, హైదరాబాదు రోడ్డు పక్కన గజం ధర పెరిగింది, కాబట్టి జనం ఆదాయం పెరిగిందంటున్నారు. ఏ జనం అని మేం అడుగుతున్నాం.

ముందు లెక్కల సంగతి చూద్దాం. జనగణన ఎవరి ఆదాయాన్నీ అడగదు. ఇల్లు పక్కాదా, టీవీ ఉందా, కారుందా అని మాత్రమే అడుగుతుంది. 2011 వార్డు పట్టికల్లో షెడ్యూల్డు కులాల జనాభా ఒకచోట, కార్లూ స్కూటర్లూ ఇంకోచోట ఉంటాయి. కారెవరిదో, ఆ కారు తుడిచేదెవరో ఆ పట్టికలు చెప్పవు.

ఇక సగటు. ఒక వీధిలో నెలకు లక్ష సంపాదించే కుటుంబాలు పది, పదివేలు సంపాదించే పనివాళ్ల కుటుంబాలు ఐదు ఉన్నాయనుకుందాం. సగటు 70 వేలు. ఆ ఐదు గుడిసెలూ లేపేస్తే సగటు లక్ష అవుతుంది. ఎవడి జీతమూ పైసా పెరగలేదు, అయినా వీధి ‘అభివృద్ధి’ అయిపోయింది! ఇది ఉత్త లెక్క కాదు. 2005లో మొదలైన నెహ్రూ పట్టణ పునరుద్ధరణ పథకం కింద బెజవాడ పేదలకు ఇళ్లు కట్టింది ఊరి నడుమ కాదు, జక్కంపూడి లాంటి శివారుల్లో. పని ఊళ్లో, పడక ఊరవతల. వెలివాడకు కొత్త చిరునామా ఇచ్చారంతే.

ఈ సంపద ఆకాశం నుంచి ఊడిపడిందా? 1855లో ఆనకట్ట పూర్తయి డెల్టా పండింది. ఆ భూమి ఎవరి చేతుల్లో ఉందో, దాని మీద కూలికి వంగిందెవరో ఈ జిల్లాలో అడగక్కర్లేదు. డెల్టా పంట మిగులు రైతాంగ అగ్రకులాల ద్వారా పట్నాల వ్యాపారాల్లోకి ఎలా మళ్లిందో కరోల్ ఉపాధ్య 1988లోనే రాశారు. భూమి లేనివాడికి మళ్లించడానికి మిగులెక్కడిది?

ఇంకో మోసం ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులే షెడ్యూల్డు కులాలు. 1956లో సిక్కుల్నీ, 1990లో బౌద్ధుల్నీ చేర్చారు. చర్చికి వెళ్లే మాల, మాదిగలను మాత్రం చేర్చలేదు. కృష్ణా జిల్లాలో వాళ్లెంతమందో అందరికీ తెలుసు. క్రైస్తవమని రాయించుకున్న దళితుడు ఆ లెక్కలో దళితుడు కాడు. ఒక వార్డులో షెడ్యూల్డు కులాల శాతం తగ్గితే దళితులు తగ్గారని అర్థం కాదు. తరిమి ఉండొచ్చు, లేదా లెక్కే మార్చి ఉండొచ్చు.

2011 సామాజిక ఆర్థిక కుల గణనలో సేకరించిన కులాల అంకెలను ప్రభుత్వం బయటపెట్టలేదు. ఈసారి జనగణనలో కులం అడగాలని 2025 ఏప్రిల్ 30న కేంద్రం నిర్ణయించింది. అడిగితే చాలదు. కులం, ఇల్లు, భూమి, చేసే పని ఒకే పట్టికలో, వార్డు స్థాయిలో రావాలి. మతమేదైనా కులాన్ని రాయాలి.

విద్యార్థులకూ ఉపాధ్యాయులకూ మా మాట ఒక్కటే. విద్యాధరపురం కొండవాలున మెట్లెక్కండి, అక్కణ్ణుంచి కిందకు దిగి భవానీపురం వీధులు తిరగండి. తెల్లారే ఏ ఇంటి నుంచి ఏ ఇంటికి ఎవరు పనికొస్తున్నారో రాసుకోండి. ఆ తర్వాత సగటు చెప్పండి, వింటాం.