మూసిన ఆఫీసు, ఆగని గడువు

గడువు లెక్కపెట్టడం మా వృత్తిలో మొదట నేర్చుకునే పని. ఎన్నేళ్లు గడిచినా భయపెట్టే పనీ అదే. నారాయణగూడలో సీనియర్ లాయర్ గారి దగ్గర చేరినప్పుడు ఆయన నా చేతికి ముందుగా ఇచ్చింది డైరీ. చట్టం పుస్తకాలు తర్వాత వచ్చాయి.

2020 సెప్టెంబర్ 8న తెలంగాణ అంతటా ఆస్తుల రిజిస్ట్రేషన్లు ఆపేశారు. భూరికార్డుల కొత్త పోర్టల్ ధరణి వస్తుందన్నారు. వ్యవసాయేతర ఆస్తులకు మళ్లీ మొదలైంది డిసెంబర్ 14న. చిక్కడపల్లి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు పరిధిలో ఫ్లాటు కొని, ఆగస్టు 10న దస్తావేజు మీద సంతకాలు చేయించుకున్న మనిషిని ఊహించుకోండి. సంతకాలైన నాలుగు నెలల్లోగా దాన్ని రిజిస్ట్రేషన్‌కు ఇవ్వాలని 1908 రిజిస్ట్రేషన్ చట్టం 23వ సెక్షన్ అంటుంది. ఆ నాలుగు నెలలు డిసెంబర్ 10న, ఆఫీసులో ఆ పని జరగని రోజుల్లోనే, నిండిపోయాయి. 'ఆఫీసే మూసేస్తే నా తప్పేముంది సార్?' అని అడుగుతాడు. న్యాయమైన ప్రశ్న.

జనరల్ క్లాజెస్ చట్టం 10వ సెక్షన్ అతని పక్షానే ఉంది. ఆఖరి రోజున ఆఫీసు మూసి ఉంటే, తెరిచిన రోజున చేసిన పని సకాలంలో చేసినట్టే. కానీ అది ఇచ్చేది తెరిచిన ఆ ఒక్కరోజే, మూసిన రోజులన్నీ కాదు. ఆ రోజు స్లాటు దొరక్కపోతే? రిజిస్ట్రేషన్ చట్టం 25వ సెక్షన్ కింద మరో నాలుగు నెలల వరకు వెసులుబాటు అడగొచ్చు, ఫీజుకు పదింతల దాకా జరిమానా పడొచ్చు.

కోర్టులకు లిమిటేషన్ చట్టం 4వ సెక్షన్ ఉంది. పనివేళల్లో కొంతసేపు మూసినా ఆ రోజు మూసినట్టే లెక్క. బంద్‌ల ఊళ్లో ఉన్నవాళ్లకు ఇది పెద్ద ఊరట. అయినా దానికీ హద్దుంది. ఆర్బిట్రేషన్ అవార్డును సవాలు చేయడానికి మూడు నెలల గడువు, కారణం చూపితే మరో 30 రోజులు. ఆ 30 రోజులు వేసవి సెలవుల్లో అయిపోతే, తెరిచిన రోజు దాఖలు చేసినా చెల్లదని 2025 జనవరి 10న సుప్రీంకోర్టు తేల్చింది. తీర్పు రాసింది మన హైదరాబాద్ నుంచి వెళ్లిన జస్టిస్ పి.ఎస్. నరసింహ గారు. ఈ అన్వయం కక్షిదారు హక్కును కుదిస్తోందన్న ఆందోళన ఆ తీర్పులోనే ఉంది. నాకూ ఇది కఠినంగానే అనిపిస్తుంది.

కరోనా కాలంలో ఇదే కోర్టు 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు రోజులను లెక్కలోంచి తీసేయమని స్పష్టంగా చెప్పింది. చెప్పింది కాబట్టే ఎంతోమంది కేసులు నిలబడ్డాయి.

అశోక్‌నగర్ గదుల్లో గ్రూప్స్ ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలకు కుల, ఆదాయ ధ్రువపత్రాల గడువు విషయంలో ఇదే గుబులు. వాళ్లకైనా, నా క్లయింట్లకైనా నేను చెప్పేది ఒకటే: సెలవు ఉత్తర్వు, నోటీసు బోర్డు ఫోటో, సర్వర్ పనిచేయని తెర ఫోటో ఆ రోజే దాచుకోండి. ఆఖరి వారం దాకా ఆగకండి.

అధికారులకు ఒక విన్నపం. ఆఫీసు మూస్తున్నామని రాసే ఉత్తర్వులోనే, ఆ రోజుల్లో ముగిసే గడువులు ఏ తేదీ దాకా చెల్లుతాయో ఒక్క వాక్యం రాయండి.