అంకణా పట్టుకోలేని లోటు

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు సింగ్‌నగర్‌ని ముంచేసినప్పుడు విజయవాడలో ఎన్నో కొట్లలో కంప్యూటర్లు నీళ్లలో నానాయి. పాతిక కిలోమీటర్ల లోపే ఉన్న గన్నవరంలో లెక్కలు రాసేవాళ్లకి బ్యాకప్ ఎందుకో ఇంకొకరు చెప్పక్కర్లేదు. తీసిన బ్యాకప్ రేపు తెరుచుకుంటుందా, తెరుచుకుంటే లెక్క పూర్తిగా ఉంటుందా అని తేల్చుకోవడంలోనే ఉంది అసలు పనితనం.

ఇక్కడి రైస్‌మిల్లుల్లో, ఎరువుల కొట్లలో లెక్కలంటే టాలీ సాఫ్ట్‌వేరే. తెర మీద మిల్లు పేరు కనిపిస్తుంది గానీ, డిస్కులో అది ఒక నంబరే పేరుగా ఉన్న ఫోల్డరు. లోపల ఒక్క ఫైలు కాదు, చాలా ఉంటాయి. లెడ్జర్లూ సరుకుల పేర్లూ ఒకదాంట్లో, వోచర్లు ఇంకోదాంట్లో, ఏ వోచర్ ఏ లెడ్జరుకి చెందుతుందో కలిపే లంకె మరోదాంట్లో. ఒకదాని లెక్క మీద ఇంకొకటి నడుస్తుంది. అందుకే పక్క కంప్యూటర్లో బిల్లు కొడుతుండగా ఫోల్డరు కాపీ చేస్తే కొన్ని ఫైళ్లు బిల్లుకి ముందువీ, కొన్ని తర్వాతవీ వచ్చే ప్రమాదం ఉంది. తెలిసిన అకౌంటెంటు ముందు అందరినీ బయటికి రమ్మంటాడు. ఆ తర్వాతే ఆల్ట్ వై నొక్కి బ్యాకప్ తీస్తాడు, అదీ ఆ రోజు తేదీతో పెట్టిన కొత్త ఫోల్డర్లోకి. నిన్నటి మంచి కాపీ మీద ఇవాళ్టి చెడ్డ కాపీ పడకూడదు కదా.

తర్వాత రిస్టోర్. దీన్ని అసలు డేటా ఉన్న చోటికే చేస్తే పాతది కొత్తదాన్ని తుడిచేస్తుంది. కాబట్టి ఖాళీ ఫోల్డరు ఒకటి చూపించాలి, వీలైతే వేరే కంప్యూటర్లో.

ఇప్పుడు పోల్చడం. చాలామంది ట్రయల్ బ్యాలెన్స్ తెరిచి, రెండువైపులా సమానమని చూసి లేచిపోతారు. కామర్స్ పుస్తకాల్లో అంకణా అని చదువుకున్న ఈ పట్టికకి ఒక గుడ్డితనం ఉంది. మిల్లువాళ్లు గల్లాపెట్టెలోని 50,000 రూపాయలు బ్యాంకులో కట్టారనుకోండి. దానికో కాంట్రా వోచర్. కాపీలో అది మొత్తంగా ఎగిరిపోతే డెబిట్, క్రెడిట్ రెండూ కలిసే పోతాయి, అంకణా కుదురుతుంది. అంతేకాదు, బ్యాంకు ఖాతాలో అంతకు మించిన నిల్వే ఉంటే, నగదు 50,000 ఎక్కువ, బ్యాంకు 50,000 తక్కువ చూపిస్తాయి. రెండూ డెబిట్ నిల్వలే కాబట్టి అడుగున మొత్తం కూడా రూపాయి మారదు. అసలుతో పక్కపక్కన పెట్టి మొత్తాలు చూసినా దొరకదు!

దాన్ని పట్టేది స్టాటిస్టిక్స్ అనే చిన్న రిపోర్టు. అందులో రూపాయలుండవు. సేల్స్ వోచర్లు ఎన్ని, రిసీట్లు ఎన్ని, కాంట్రాలు ఎన్ని, లెడ్జర్లు ఎన్ని, అంతే. అసలులో 212 కాంట్రాలుండి కాపీలో 211 వస్తే లోటు అక్కడే బయటపడుతుంది. ఆ వరస మీద ఎంటర్ కొడితే నెలలవారీగా విడిపోతుంది, ఏ నెలలో తగ్గిందో చూసుకోవచ్చు. సంఖ్య సరిపోయి అంకె మారితే? దానికి నగదు, బ్యాంకు, పెద్ద పార్టీల ముగింపు నిల్వలు చూడాలి. డబ్బుతో ఒక చూపు, లెక్కపెట్టి ఇంకో చూపు. ఒకటి చూడలేనిది రెండోది చూస్తుంది. నాకైతే జంటపద్దు ఎంత తెలివైన ఏర్పాటో, దాని లోటు తెలిసి ఈ రెండో చూపు వాడటం అంత తెలివిగా అనిపిస్తుంది.

ఇంతచేసీ రుజువయ్యేది కాపీ అసలులాగే ఉందని మాత్రమే. అసలే తప్పైతే కాపీ ఆ తప్పునీ భద్రంగా దాస్తుంది. దాని సంగతి బ్యాంకు స్టేట్‌మెంటు తేల్చాలి.

2022 ఆగస్టు సవరణతో కంపెనీలకు రోజువారీ బ్యాకప్ తప్పనిసరైంది, అదీ మన దేశంలో ఉన్న సర్వర్లో. కంపెనీ కాని సొంత మిల్లుకి ఆ నిబంధన లేకపోయినా, జీఎస్టీ చట్టం వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు లెక్కలు దాచమంటుంది. ఆరేళ్లలో సాఫ్ట్‌వేరే మారిపోతుంది. టాలీ డేటా ఫైళ్ల పేర్ల చివర 900 ఉండేది, టాలీప్రైమ్ 3.0 నుంచి 1800 అయింది, పాతవాటిని మార్చుకుంటేనే తెరుచుకుంటాయి. టాలీవాల్ట్ పాస్‌వర్డ్ పెట్టి మరిచిపోయినవి ఎలాగూ తెరుచుకోవు. అందుకే జాగ్రత్తగలవాళ్లు ఏటా ఏప్రిల్లో పాత సంవత్సరాల బ్యాకప్‌లు కూడా దించి, తెరిచి, వోచర్లు మళ్లీ లెక్కపెట్టుకుంటారు.