చల్లపల్లి రోడ్ల అంచున తోటపని

పామర్రు నుంచి కూచిపూడి మీదుగా దక్షిణానికి వెళ్ళే బస్సు ఎక్కితే చల్లపల్లి ఎంతో దూరం కాదు. మన డెల్టాలో ఊరు దగ్గర పడుతోందనడానికి సాధారణంగా కనిపించే ఆనవాళ్ళు మనందరికీ తెలిసినవే. కాలవ గట్టున చెత్తకుప్ప, సర్కారు తుమ్మ పొదలు, వాటికి చిక్కుకుని రెపరెపలాడే ప్లాస్టిక్ సంచులు, పండక్కి కట్టి పండగ వెళ్ళినా విప్పని ఫ్లెక్సీలు. చల్లపల్లి పొలిమేరలో ఆ ఆనవాళ్ళ కోసం వెతికితే కనిపించేవి వేరు. రోడ్డు మార్జిన్ పొడవునా పూల మొక్కలు, వాటి వెనక నీడనిచ్చే చెట్లు, వాటి మొదళ్ళ దగ్గర ఊడ్చిన నేల. అక్కడ గేటు లేదు, టిక్కెట్టు లేదు, పార్కు అనే బోర్డు లేదు. అయినా ఈ ప్రాంతంలో పదిమందికీ చెందిన తోటల్లో ఇంత శ్రద్ధగా పోషించినది మరొకటి నేను చూడలేదు. అందుకే ఈ వ్యాసంలో ఆ తోట అందం కంటే, ఆ తోట వెనకున్న పనితనం గురించి రాయాలనుకున్నాను.

చరిత్ర క్లుప్తంగా చెప్పుకుందాం. దేశంలో స్వచ్ఛ భారత్ కార్యక్రమం 2014 అక్టోబరు 2న మొదలైంది. అదే ఏడాది నవంబరు 12న చల్లపల్లిలో డాక్టర్ డి.ఆర్.కె. ప్రసాద్, డాక్టర్ టి. పద్మావతి దంపతులు మరికొందరితో కలిసి చీపుళ్ళు పట్టుకుని రోడ్డు మీదికి వచ్చారు. చాలా ఊళ్ళలో ఆ ఉత్సాహం ఫొటోలతో ముగిసింది. చల్లపల్లిలో మర్నాడూ వచ్చారు, ఆ మర్నాడూ వచ్చారు. పదేళ్ళు దాటినా ఆ రావడం ఆగలేదు. ఒకప్పుడు ముక్కు మూసుకుని నడవాల్సిన గంగులవారిపాలెం రోడ్డు ఇప్పుడు పూలదారి అయింది. అక్కణ్ణించి బందరు రోడ్డు, అవనిగడ్డ రోడ్డు, నాగాయలంక రోడ్డు, విజయవాడ రోడ్డు, శ్మశానం దాకా పని పాకింది. ‘స్వచ్ఛ చల్లపల్లి’ అన్న ఉద్యమం పేరు కాస్తా ‘స్వచ్ఛ సుందర చల్లపల్లి’ అయింది. ‘మనకోసం మనం’ అనే ట్రస్టు వెనక నిలబడింది.

పని వేళ తెల్లవారుజాము. నాలుగున్నర ప్రాంతంలో మొదలై ఆరింటికి కాస్త అటూ ఇటూగా ముగుస్తుంది. వచ్చేవాళ్ళలో డాక్టర్లున్నారు, టీచర్లున్నారు, రైతులు, వ్యాపారులు, గృహిణులు, రిటైరైన ఉద్యోగులు ఉన్నారు. చేతుల్లో చీపుళ్ళు, దంతెలు, పారలు, గునపాలు, కత్తులు, చెత్త ఎత్తే డిప్పలు. పక్కన ట్రాక్టరు. ఒక వరుస కత్తులతో కలుపు కోస్తూ ముందుకు పోతుంది, వెనక వరుస దంతెలతో లాగి పోగులు పెడుతుంది, మూడో వరుస డిప్పలకెత్తి ట్రాక్టరులో పోస్తుంది. చివరిగా చీపుళ్ళు. వరినాట్ల నాడు మన పొలాల్లో మనుషులు ఎలా వరసలు కడతారో ఇక్కడా అంతే. ఎవరి చేయి ఎవరికీ అడ్డం రాదు. ఇంత క్రమం ఒక్క రోజులో వచ్చేది కాదు, ఎవరో నేర్పితే వచ్చేదీ కాదు. కలిసి పనిచేయగా చేయగా ఒంటబట్టింది.

దగ్గరగా చూస్తే ఈ పని లోతు తెలుస్తుంది. తుంగనే తీసుకోండి. కృష్ణా డెల్టాలో తోట పెట్టిన ప్రతివాడూ ఓడిపోయేది ఈ గడ్డి చేతుల్లోనే. పైన మూడు పలకల సన్నటి కాడ, కింద నేలలో గొలుసుకట్టుగా గడ్డలు. కొడవలితో పైన కోస్తే నాలుగు రోజుల్లో మళ్ళీ అంత పచ్చగా లేస్తుంది. ఆకు పట్టుకుని గట్టిగా లాగితే కాడ చేతిలోకి వస్తుంది, గడ్డ నేలలోనే ఉండిపోతుంది. పైగా మొదటి గడ్డ దెబ్బతింటే పక్కనున్న గడ్డలన్నీ మొలకెత్తుతాయి. కాబట్టి నేల పదునుగా ఉన్నప్పుడు పక్కగా గునపం దించి, మట్టి పెళ్ళ లేపి, గడ్డలతో సహా ఏరి అవతల పారెయ్యాలి. ఏరినవి గట్టు మీదే వదిలేస్తే తొలి వానకి అక్కడే నాటుకుంటాయి. ఇంత చేసినా తుంగ పూర్తిగా పోదు. కొత్తగా వచ్చిన మొలక మళ్ళీ గడ్డ కట్టకముందే, అంటే కొద్ది వారాల్లోపే, అదే చోటికి తిరిగి రావాలి. మందు కొట్టి చేతులు దులుపుకునే పద్ధతి పూల మొక్కల మధ్య చెల్లదు. ఏ పార్కులోనైనా పూలమడిలో తుంగ లేకుండా కనిపించిందంటే, ఆ మడి పక్కన ఎవరో ఎన్నోసార్లు మోకాళ్ళ మీద కూర్చున్నారని అర్థం. వయ్యారిభామ లెక్క వేరు. దాన్ని పూత రాకముందే చేతికి తొడుగులు వేసుకుని వేళ్ళతో సహా పీకెయ్యాలి. పూశాక పీకితే విత్తనాన్ని ఊరంతా మనమే చల్లినట్టు.

ఇక నేల. మనది నల్లరేగడి. వానాకాలంలో ఉబ్బి జిగటగా పట్టుకుంటుంది, ఎండాకాలంలో చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చి లేత వేళ్ళని తెంపేస్తుంది. ఈ నేలలో మొక్క నాటాలంటే పుస్తకంలో రాసినట్టు రెండడుగుల గొయ్యి తీసి పూడ్చితే చాలదు. చుట్టూ బంకమట్టి, మధ్యలో గుల్లమట్టి ఉంటే వాన నీళ్ళన్నీ ఆ గోతిలోకే దిగి నిలుస్తాయి. వేరు కుళ్ళి మొక్క చస్తుంది. చూసినవాళ్ళు నీళ్ళు పొయ్యక చచ్చిందనుకుంటారు. అందుకే మన వైపు తెలిసినవాళ్ళు గొయ్యి మట్టిలో ఇసుక, పశువుల ఎరువు, కాస్త ఊక కలిపి, చుట్టుపక్కల నేల కంటే జానెడు ఎత్తులో తిన్నె కట్టి నాటుతారు. మృగశిర వెళ్ళి ఆరుద్రలో నాలుగు వానలు పడ్డాక నాటిన మొక్కకి వచ్చే ఎండాకాలంలోపు వేరు లోతుకి పోయే వ్యవధి దొరుకుతుంది. కాలవలు కట్టేసిన నెలల్లో అదే దాన్ని కాపాడుతుంది. ఏప్రిల్లో ప్రారంభోత్సవం పెట్టి నాటిన మొక్కకి ఆ అవకాశం ఉండదు. ట్యాంకరు ఒక్క వారం రాకపోతే అంతే.

ఏ మొక్క నాటాలన్నదీ ఒక విద్యే. కడియం నర్సరీల నుంచి ఏది కావాలన్నా లారీలో దిగుతుంది. దిగినవన్నీ మన మట్టికి నప్పవు. నూరువరహాలు మొక్క చూడండి. గుత్తులు గుత్తులుగా పూస్తుంది కదా అని వరసగా పెడతారు. రెండో ఏడాదికి ఆకులు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. అది తెగులు కాదు. క్షారం ఎక్కువున్న నేలలో మొక్క ఇనుము తీసుకోలేదు. అన్నభేది కరిగించి ఆకుల మీద చల్లి, మొదట్లో బాగా మాగిన ఎరువు వేస్తే తేరుకుంటుంది. కాగితపూల తీగ దీనికి సరిగ్గా ఎదురు. దాన్ని ముద్దు చేసి రోజూ నీళ్ళు పోస్తే ఆకులే వేస్తుంది. కాస్త నీళ్ళు బిగబట్టి, కొమ్మలు కత్తిరిస్తే విరగబూస్తుంది. నందివర్ధనం, గన్నేరు, మందారం, బిళ్ళగన్నేరు లాంటివి మన దొడ్లలో తరాలుగా బతికినవి. రోడ్డు దుమ్మునీ, పొగనీ కూడా చాలా వరకు తట్టుకుంటాయి. కానుగ, వేప, పొగడ నీడకి మంచివి. తొందరగా పెరుగుతుందని, మేకలు ముట్టవని ఊరూరా వేసిన కోనోకార్పస్ మీద ఇప్పుడు ఎన్ని అభ్యంతరాలు వచ్చాయో తెలిసిందే. తెలంగాణ దాన్ని నాటడం ఆపేసింది, గుజరాత్ 2023లో నిషేధించింది. త్వరగా పచ్చబడాలన్న ఆత్రం ప్రజల తోటకి ఎప్పుడూ మేలు చెయ్యలేదు.

నాటాక చేసే చిన్న చిన్న పనులే అసలు పనితనాన్ని పట్టిస్తాయి. లేత చెట్టుకి ఊతకర్ర కట్టేటప్పుడు తాడు కాండానికీ కర్రకీ మధ్య మెలి తిప్పి కట్టాలి, లేకపోతే గాలికి బెరడు రాసుకుపోతుంది. ఇనప తీగతో కట్టి మర్చిపోతే రెండేళ్ళలో అది కాండంలోకి కోసుకుపోయి, పైకి వెళ్ళిన చెట్టు ఒక గాలివానకి సరిగ్గా అక్కడే విరుగుతుంది. కొమ్మ కోసేటప్పుడు ముందు కిందనుంచి కాస్త గాటు పెట్టి తర్వాత పైనుంచి కొయ్యాలి, లేకుంటే బరువుకి బెరడు చీలుకుంటూ కిందిదాకా వస్తుంది. చెట్టు మొదలు దాకా సిమెంటు పలకలు పరవడం మన పార్కుల్లో అన్నిటికంటే ఎక్కువగా జరిగే అపచారం. చెట్టు చుట్టూ మీటరు మేర సిమెంటు తీసెయ్యాలని ఢిల్లీ విషయంలో జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లోనే ఆదేశించింది. విజయవాడలోనూ, మన చిన్న ఊళ్ళలోనూ ఆ మీటరు మట్టి కోసం చెట్లు ఇంకా ఎదురుచూస్తున్నాయి.

చల్లపల్లి వాళ్ళని నేను మెచ్చుకునేది మొక్కలు ఎక్కువ నాటారని కాదు. శుభ్రం చేసిన చోటికే మళ్ళీ వస్తారు, అందుకు. నిరుడు బాగుచేసిన రోడ్డు అంచుకి ఈ ఏడూ అంతే ఓపికగా కత్తి పట్టుకుని వెళతారు. ఎవరో తాగి విసిరేసిన సీసాలు, తినేసి పారేసిన ప్లేట్లు ఏరుతూ విసుక్కోకుండా ఉండటం తేలిక కాదు. వాళ్ళు ఆ విసుగుని కోపంగా మార్చలేదు. ఫ్లెక్సీలు కట్టొద్దని, ప్లాస్టిక్ వాడొద్దని ఊరిని బతిమాలుతూనే ఉన్నారు. పని ముగిశాక ఒకచోట చేరి ఆ రోజు చేసింది మాట్లాడుకుంటారు, ఊరి కోసం నినాదం చేస్తారు, కాఫీ తాగి ఎవరి ఉద్యోగానికి వాళ్ళు పోతారు. ఈ కార్యకర్తల తెల్లవారుజాము శ్రమకి తోడు ట్రస్టు జీతమిచ్చి పెట్టుకున్న పనివాళ్ళు పగలు పనిచేస్తారు. దాతల డబ్బు, వాళ్ళ సొంత డబ్బు అందుకు ఖర్చవుతుంది. స్వచ్ఛందం ఒక్కటే సరిపోదని, రోజూ నీళ్ళు పెట్టే మనిషికి జీతం ఉండాలని వాళ్ళు గుర్తించారు. ఇది చాలా ముఖ్యమైన సంగతి, మెచ్చుకునేవాళ్ళు తరచు వదిలేసేది కూడా ఇదే.

దీనికి దగ్గరగా ఉన్న పద్ధతి న్యూయార్క్ సెంట్రల్ పార్కులో కనిపిస్తుంది. 843 ఎకరాల ఆ పార్కు 1970లలో పాడుబడి, రాత్రిపూట మనుషులు భయపడే స్థితికి చేరింది. 1980లో ఊరివాళ్ళ చొరవతో ఒక సంరక్షణ సంస్థ ఏర్పడింది. కొన్నేళ్ళకి ఆ సంస్థ పార్కుని 49 భాగాలుగా విడగొట్టి ఒక్కో భాగానికి ఒక్కో తోటమాలిని జవాబుదారీ చేసింది. ఆ ముక్కలో బెంచీ విరిగినా, గడ్డి ఎండినా ఎవరిని అడగాలో అందరికీ తెలుసు. అంతకు ముందు గుంపులు గుంపులుగా వచ్చి పని చేసి వెళ్ళేవారు, ఏ చెట్టూ ఎవరిదీ కాదు. లక్షల మంది వచ్చే మహానగరం పార్కైనా, మన మండల కేంద్రంలో పంచాయతీ పార్కైనా బాగుపడే దారి ఒక్కటే. ఫలానా నేల ఫలానా మనిషిదని తేలాలి.

ఇప్పుడు మన పామర్రు సంగతి. బందరు నుంచి విజయవాడ పోయే 65వ నంబరు జాతీయ రహదారి మన ఊరి మీదుగానే పోతుంది, గుడివాడ మీదుగా పాలకొల్లు వెళ్ళే 165వ నంబరు రహదారి మన దగ్గరే మొదలవుతుంది. ఇన్ని దారులు కలిసే ఊరికి అన్ని రోడ్డు అంచులున్నాయి. ఊరు పెరుగుతోంది. ఎక్కడ లేఔటు వేసినా పదో వంతు స్థలం ఖాళీగా వదిలి స్థానిక సంస్థకి రాసివ్వాలని రాష్ట్ర నిబంధనలు చెబుతున్నాయి. మీ వీధి లేఔటులో ఆ స్థలం ఎక్కడుందో పంచాయతీ కార్యాలయంలో ప్లాను అడిగి చూడండి. అది కనిపించాక కంచె వెయ్యడానికి, ఆరుద్రలో నాలుగు వేపలు, నాలుగు కానుగలు నాటడానికి పెద్ద నిధులు అక్కర్లేదు. వాటికి మూడేళ్ళపాటు నీళ్ళు పోసే మనిషికి జీతం మాత్రం కావాలి, ఆ డబ్బు వీధివాళ్ళు ముందే పోగుచేసి పెట్టుకోవాలి.

అంతకంటే ముందు ఒకరోజు చల్లపల్లి వెళ్ళి రండి. వాళ్ళు తెల్లవారకముందే మొదలుపెడతారు కాబట్టి ముందురోజు రాత్రికే చేరుకోవడం మంచిది. వచ్చినవాళ్ళని వాళ్ళు కాదనరు. ఒక దంతె అడిగి తీసుకుని ఆ గంటన్నర వాళ్ళతో పని చెయ్యండి.