‘వైద్యుడు లేని చోట’ – వచన పరిశీలన

తెలుగు వచన వికాసాన్ని చర్చించేటప్పుడు మన సాహిత్య చరిత్రకారులు 1906లో ఏర్పడిన విజ్ఞాన చంద్రికా మండలి శాస్త్రగ్రంథాలను తప్పక ప్రస్తావిస్తారు. ఆ తరువాతి శాస్త్రవచనం మాత్రం వారి దృష్టికి అంతగా ఆనలేదు. అలా విమర్శకు అందకుండా పోయిన పుస్తకాల్లో ‘వైద్యుడు లేని చోట’ ఒకటి. డేవిడ్ వెర్నర్ పశ్చిమ మెక్సికో కొండపల్లెల్లో పనిచేస్తూ మొదట స్పానిష్‌లో రాసిన ఈ గ్రంథాన్ని తెలుగులో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ప్రచురించింది. ఆస్పత్రికి వెళ్ళే బస్సు ఛార్జీని సైతం లెక్కచూసుకునే కుటుంబాలు దీని పాఠకులు. వాక్యం తప్పుగా అర్థమైతే వారింట్లో బిడ్డ ప్రాణానికే ముప్పు.

నీళ్ళ విరేచనాల ప్రకరణం ఇందుకు మంచి ఉదాహరణ. లీటరు నీటిలో ఉప్పు, పంచదార కలిపి తాగించడం చవకైన చికిత్స. ఉప్పు మితిమీరితే అదే ప్రమాదం. చెంచాలు ఇంటింటికీ వేరు. అందుకే పంచదార వేయకముందు రుచి చూడాలని, ఆ నీరు కన్నీళ్ళకంటే ఉప్పగా ఉండరాదని మూలగ్రంథం చెబుతుంది. ఆలంకారికుల పరిభాషలో దీనిని ఏమనాలి? ఉపమేయం, ఉపమానం, ఉప్పదనమనే సాధారణధర్మం ఉన్నాయి. కాని ఉపమ సామ్యాన్ని స్థాపిస్తుంది. ఈ పోలిక సామ్యాన్ని దాటరాని హద్దుగా నిలుపుతుంది. అక్షరం రాని తల్లికి సైతం ఈ కొలమానం పైసా ఖర్చు లేకుండా దొరుకుతుంది. కన్నీటిని కరుణరస సామగ్రిగా మాత్రమే చూడటం అలవాటైన నాకు ఈ ప్రయోగం కొంత ఇబ్బంది కలిగించిందనే చెప్పాలి.

అనువాదకుల అసలు చిక్కు రోగనామాల దగ్గర మొదలవుతుంది. మలేరియా, చలిజ్వరం పక్కపక్కనే ఇమిడిపోతాయి. ‘అమ్మవారు పోసింది’ అన్న మాట అలా ఇమడదు. దాన్ని వాడితే రోగకారణం గురించిన విశ్వాసమూ వెంట వస్తుంది, విడిస్తే పాఠకురాలు దూరమవుతుంది. ఇంటివైద్యాలను వెర్నర్ ఎగతాళి చేయడు. మేలుచేసేవాటిని, హానిచేసేవాటిని విడదీస్తాడు. కనుక రెండు పేర్లనూ నిలుపుకోవడమే మూలానికి విధేయత.

శీర్షికతోనే నాకు పేచీ. ‘లేని చోట’ అనగానే ఖాళీ స్థలం స్ఫురిస్తుంది. మన పల్లెల్లో ఆ చోటు ఎన్నడూ ఖాళీగా లేదు: మంత్రసాని, సూది వేసే ఆరెంపీ, 2005 తరువాత ఆశా కార్యకర్త. పైగా వైద్యుడు నాలుగు మైళ్ళ దూరంలోనే ఉండి, ఫీజు వల్ల అందని ఊళ్ళు ఎన్నో. అనవసరపు ఇంజక్షన్లపై గ్రంథం చేసే హెచ్చరిక ఆ ఊళ్ళలో ఆరెంపీ మాటతో పోటీపడాలి. అతడు ఎదురుగా కూర్చుని, వరస కలిపి మాట్లాడతాడు. పుస్తకాన్ని ఎవరో ఒకరు చదివి వినిపించాలి.