మెర్సెన్ జాబితా: ఒప్పు చెబితే చాలదు

2ను కొన్నిసార్లు హెచ్చవేసి, వచ్చిన లబ్ధం నుంచి 1 తీసివేస్తే ఒక్కోసారి ప్రధాన సంఖ్య వస్తుంది. 2⁵−1 అంటే 31 ప్రధాన సంఖ్య. 2¹¹−1 అంటే 2047 మాత్రం కాదు. అది 23, 89ల లబ్ధం. ఫ్రెంచి సన్యాసి మారిన్ మెర్సెన్ 1644లో ప్రచురించిన గ్రంథంలో ఈ విషయమై ఒక జాబితా ఇచ్చాడు. 257 వరకు చూస్తే ఘాతం 2, 3, 5, 7, 13, 17, 19, 31, 67, 127, 257 అయినప్పుడే ప్రధాన సంఖ్య వస్తుందన్నాడు.

ఈ జాబితాలో తప్పులు అయిదు. 67, 257 ఉండకూడదు. 61, 89, 107 ఉండాలి. 1903లో అమెరికన్ గణితజ్ఞుడు కోల్, 2⁶⁷−1 అనేది 193707721, 761838257287ల లబ్ధమని చూపాడు. చేతి లెక్కల కాలంలో ఇలాంటి పొరపాట్లను క్షమించవచ్చు. అసలు లోపం వేరే ఉంది. ఏ ఘాతాన్ని ఎలా పరీక్షించాడో మెర్సెన్ చెప్పలేదు.

అందువల్ల జాబితాలోని ఒప్పుకు కూడా విలువ తగ్గింది. 127నే తీసుకోండి. 2¹²⁷−1 విలువ 170141183460469231731687303715884105727. మొత్తం 39 అంకెలు. ఇది నిజంగానే ప్రధాన సంఖ్య. కానీ మెర్సెన్ పుస్తకంలో 67కూ 127కూ తేడా ఏమిటి? రెంటికీ ఆధారం ఆయన మాటే. 1876 దాకా ఏది నమ్మాలో చెప్పగల సాధనం పాఠకుని చేతిలో లేదు.

ఆ సంవత్సరం ఎడ్వార్డ్ లూకాస్ ఆ సాధనాన్ని అందించాడు. ఈ సంఖ్యను వర్గమూలం వరకు ప్రతి సంఖ్యతోనూ భాగించి చూడాలంటే, సెకనుకు 100 కోట్ల భాగహారాలు చేసినా నాలుగు వందల ఏళ్లు పడుతుంది. లూకాస్ భాగించలేదు. ఆయన పద్ధతిని తరువాత లెమర్ సులభం చేశాడు. 4తో మొదలుపెట్టి, వర్గం చేసి 2 తీసివేయాలి. ఫలితాన్ని మన సంఖ్యతో భాగించి శేషం ఉంచుకోవాలి. 31కి చూడండి: 4, 14, తరువాత 194కు శేషం 8, తరువాత 62కు శేషం 0. ఘాతం 5 గనుక 5−2 అంటే మూడో మెట్టులో సున్నా రావాలి. వచ్చింది, కాబట్టి 31 ప్రధానమే. బేసి ప్రధాన ఘాతాలన్నిటికీ ఈ పరీక్ష చెల్లుతుంది.

మెర్సెన్‌కు దక్కవలసిన గౌరవం దక్కాలి. ఆయన తప్పుల జాబితాయే రెండున్నర శతాబ్దాలకు పైగా గణితజ్ఞులకు పని కల్పించింది. 2024లో 4,10,24,320 అంకెల ప్రధాన సంఖ్య దొరికినప్పుడు కూడా దాన్ని మెర్సెన్ ప్రధాన సంఖ్య అనే పిలిచారు. అయితే వార్తలు అంకెల పొడవునే చాటాయి. మనం అడగవలసిన ప్రశ్న వేరు: అది ప్రధాన సంఖ్య అని ఎలా తెలిసింది?

పెన్సిలు తీసుకుని 127ను, అంటే 2⁷−1ను, మీరే పరీక్షించండి. అయిదో మెట్టులో సున్నా వస్తే, ఆ ఒప్పు మెర్సెన్‌ది కాదు, మీది.